పదికి పది

హైదరాబాద్, దవాఖాన ఐదో అంతస్తు
మే చివరి వారం

వదినకు నమస్కారాలు.

ఫోన్లు ఉన్న కాలంలో ఈ ఉత్తరమేంటని నవ్వుకుంటావు. ఫోన్ చేస్తే నీకు సగం వినిపించదు. మెసేజ్ పెడితే నీకంటే ముందు నీ దగ్గరున్న నా బిడ్డ సంహిత చదువుతుంది. అరిచి చెబుదామంటే పక్కనే మంచం మీద మీ తమ్ముడు చెవులు రిక్కించుకుని ఉంటాడు. రాధాకిషన్ అన్న తన బట్టల దుకాణం సరుకు కోసం ఎలాగూ ఇక్కడికి వస్తూ పోతూ ఉన్నాడు, ఆయన చేతికి ఇస్తున్నాను. చదివి చించెయ్యి.

పొద్దున ఆయన్ని మెషిన్ పక్కన పడుకోబెట్టి ఒక చేతిలోంచి రక్తం తీశారు. అందులోంచి కొన్ని తెల్లకణాలు పట్టుకుని మిగతా రక్తం రెండో చేతిలోకి వదిలేశారు. ఆ కణాలు ల్యాబుకు పోయాయి. క్యాన్సర్ కణం ఎక్కడున్నా గుర్తుపట్టి చంపే గుణం అక్కడ వాటికి ఎక్కిస్తారట. పెంచి, కోట్లకు కోట్లు చేసి, మళ్లీ ఆయన ఒంట్లోకే పంపుతారట. డాక్టర్ శ్రీవర్ధన్ గారు ఓపికగా చెప్పారు. ఇది ఇంకా పరీక్షల్లో ఉన్న వైద్యం, పెద్దవాళ్లలో తిరగబెట్టిన రక్త క్యాన్సర్ మీద ఎంత పనిచేస్తుందో చూడటానికే ఈ ట్రయల్, హామీ ఏమీ లేదు అన్నారు. మీ తమ్ముడు విత్తనాల సేటు కదా, "గంతే గద సార్, విత్తనాన్ని మొలక పరీక్షకు పంపినట్టు" అన్నాడు. డాక్టరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మన దుకాణంలో ఒక శాంపిల్ ఫెయిలైతే ఇంకో లాటు ఉంటుంది. ఈయన ఒక్కడే.

తర్వాత నన్ను వరండాలోకి పిలిచి, "ఇది పనిచేయకపోతే మా దగ్గర ఇచ్చేటందుకు ఇంకో మందు లేదమ్మా" అన్నారు. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. సంహితకు అస్సలు తెలియకూడదు.

ఇంకో భయం కూడా చెప్పేస్తాను. కోహెడ నుంచి దత్తాత్రి అని ఒకాయన ఇదే ట్రయల్‌లో మాతోపాటే చేరాడు. కణాలు ఎక్కించే ముందే ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వచ్చింది. పేరు తీసేశారు. ఆయన భార్య మెట్ల మీద కూర్చుని, "జరంత జరమొస్తెనే ఎళ్లగొట్టిన్రు చెల్లె" అని ఏడ్చింది. మేము సంతకాలు పెట్టిన కాగితాల్లో కూడా ఉంది, అవసరమైతే ఎప్పుడైనా ట్రయల్ నుంచి తప్పించవచ్చని. అన్ని పేజీలు చదివి వినిపించారు. నాకు ఆ ఒక్క ముక్కే గుర్తుంది.

భువన

సిద్దిపేట
రోహిణి కార్తె

చి.ల.సౌ. భువనకు దీవెనలు.

ఉత్తరం అందింది. చించమన్నావు, చించలేదు. బీరువాలో చీరల కింద పెట్టాను. వాడి గురించి రాసిన కాగితాన్ని చించడానికి నాకు చేతులు రాలేదు.

దుకాణం సంగతి అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. మిరుదొడ్డి వాళ్లకు నా చెవుల సంగతి తెలుసు, బజారంతా వినపడేటట్టు అరిచి పత్తి విత్తనాలు అడుగుతున్నారు. దౌల్తాబాద్ వాళ్లకు తెలియదు. మెల్లగా అడిగి, నేను పలకకపోతే, "గీ అవ్వకు శానా పొగరున్నది" అనుకుని పోతున్నారు. మన గుమాస్తా ఇస్తారి పరుగెత్తి వెనక్కి పిలుచుకొస్తున్నాడు. అందరూ అడిగేది ఒక్కటే, "దామోదర్ సేటు ఎప్పుడొస్తడు?" అని. "వానలతోటి వస్తడు" అంటున్నాను. ఈసారి వానల కోసం నేను ఎదురుచూసినంత ఏ రైతూ ఎదురుచూసి ఉండడు.

కొండపోచమ్మకు మొక్కుకున్నాను. మొక్కి అక్కడే నిలబడి, నీకు అన్నీ చేతనైతే మా వాడికి ఇది రెండోసారి ఎందుకు వచ్చిందని అడిగాను కూడా. పూజారి విన్నాడో ఏమో, గట్టిగా అన్నట్టున్నాను.

సంహితకు ఏమీ తెలియదు. ఎట్లున్నవే అంటే "బాగున్న అత్తమ్మా" అంటుంది. తింటుంది, కాలేజీకి పోతుంది. నువ్వు దాని గురించి ఆలోచించకు. వాడిని నేను చంకనేసుకుని పెంచాను భువనా, నీకు తెలుసు. నాకంటే ముందు వాడు పోవడానికి వీల్లేదు. ఆ మాట ఎవరితో చెప్పాలో తెలియక నీతో చెబుతున్నాను.

స్వరాజ్యం

హైదరాబాద్
జూన్, మొదటి వాన పడిన రోజు

వదినా,

కణాలు వచ్చాయి. ల్యాబులో బాగా పెరిగాయట. ఉన్న కొద్దిపాటి శక్తి కూడా పోయేటట్టు మూడు రోజులు కీమో ఇచ్చి ఒళ్లు ఖాళీ చేశారు. తర్వాత ఇవాళ ఎక్కించారు. ఎంత ఉంటుందనుకున్నావు? చిన్న సంచి. టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. ఇన్ని నెలలు దీనికోసమేనా కాళ్లావేళ్లా పడ్డది అనిపించింది. ఆయన సంచివైపు చూసి దండం పెట్టాడు. నేనూ పెట్టాను.

అసలు కష్టం ఇప్పుడు మొదలవుతుందట. ఆ కణాలు లోపల యుద్ధం మొదలుపెడితే జ్వరం వస్తుంది, బీపీ పడిపోతుంది, ఒక్కోసారి మెదడు మీద కూడా ప్రభావం ఉంటుందట. అందుకని ఉజ్వల అనే నర్సమ్మ పూటపూటకూ వచ్చి ప్రశ్నలు అడుగుతుంది. ఇది ఏ ఊరు, ఏ దవాఖాన, ఏ నెల, ఏ సంవత్సరం అని. పెన్ను, గడియారం, గ్లాసు చూపించి ఇవేంటని. చెయ్యి ఎత్తమంటుంది. వందలోంచి పదేసి తగ్గించి చెప్పమంటుంది. చివరికి ఒక వాక్యం రాయమంటుంది. అన్నీ అయ్యాక పదికి ఇన్ని అని మార్కులు వేస్తుంది. ఇవాళ పదికి పది వచ్చాయి.

"తక్కువొస్తే ఏం చేస్తరమ్మా?" అని అడిగాను. "పెద్ద సార్లకు చెప్తం అక్కా, వాళ్లు చూస్తరు" అంది. చూస్తరు అంటే ఏంటో నేను అడగలేదు. దత్తాత్రి గారిని కూడా పెద్ద సార్లే చూశారు. రాత్రంతా నాకు అదే. ఒక పూట నెల పేరు మరిచిపోతే తీసేస్తారా? మీ తమ్ముడికి మామూలు రోజుల్లోనే తారీఖులు గుర్తుండవు, పెళ్లిరోజు కూడా నేనే చెప్పాలి.

భువన

సిద్దిపేట
మృగశిర కార్తె

చి.ల.సౌ. భువనకు దీవెనలు.

దీనికి ఇంత భయమెందుకే? చెకింగులు మనకు కొత్తా?

దుకాణం చెకింగుకు వ్యవసాయ ఆఫీసరు, ఏఓ సారు వస్తున్నాడని కబురు అందగానే దామోదర్ ఏం చేసేవాడో మరిచిపోయావా? ఇస్తారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని తనే ఆఫీసరై అడిగేవాడు. స్టాకెంత, ధరల బోర్డు ఎక్కడ, బిల్లులు ఇస్తున్నారా అని. ఇస్తారికి నోరు తిరిగేదాకా వదిలేవాడు కాదు. మన దుకాణంలో తప్పుడు సరుకు ఏనాడూ లేదు. అయినా అడిగేవాళ్ల ముందు తడబడితే లేని తప్పు కూడా ఉన్నట్టు కనబడుతుంది, అందుకని. మా నాయిన కాలం నుంచి ఈ గద్దె మీద కూర్చున్నవాళ్లం అందరం అంతే. జవాబు ముందు సిద్ధం చేసుకుంటాం, తర్వాతే తలుపు తీస్తాం.

నువ్వూ అదే చెయ్యి. నర్సు రాకముందే ఒకసారి అన్నీ అడిగి చెప్పించు. రాసే వాక్యం ఒకటే పెట్టుకోమను, చెయ్యి అలవాటు పడుతుంది. "ఈ యేడు వానలు మంచిగ పడాలె" అని రాయమను, వాడికి నచ్చుతుంది. మరిచిపోతే పక్కనుంచి అందించు. మీ ముఖాలకు మాస్కులు ఉంటాయి కదా, పెదాలు ఎవరికి కనబడతాయి?

ఒక్క మార్కు కూడా పోనియ్యకు. వాడి పేరు తీసేస్తే నేను బతకను.

స్వరాజ్యం

హైదరాబాద్
బుధవారం

వదినా,

నీ నోట్లో చక్కెర పోయాలి. నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను.

జ్వరం వచ్చింది. మామూలు జ్వరం కాదు, దుప్పటి తడిసి పిండితే నీళ్లు వచ్చేటంత. అది తగ్గడానికి ఒక సూది ఇచ్చారు. "జ్వరం వచ్చిందంటే కణాలు పని మొదలుపెట్టినయ్ అన్నట్టు" అన్నారు శ్రీవర్ధన్ గారు. జ్వరానికి సంతోషపడ్డ రోజు కూడా వచ్చింది మన బతుకుల్లో.

ఉజ్వల వచ్చే టైము నాకు తెలుసు. చెప్పుల చప్పుడు వినగానే ఆయన్ని లేపి అడుగుతున్నాను. ఊరు? హైదరాబాద్. నెల? జూన్. నిన్న పొద్దున జూన్ అనడానికి బదులు దసరా అన్నాడు. నవ్వి సరిదిద్దాను. లెక్కలో డెబ్బై దగ్గర ఆగిపోయాడు. దిండు సర్దుతున్నట్టు ఆయన చెవి దగ్గరికి వంగి మాస్కులోంచి "అరవై" అన్నాను. అందుకున్నాడు. వాక్యం మాత్రం గీతల మీద నిలబడటం లేదు, పైకి కిందికి పోతోంది. "జరంతోటి చెయ్యి వణుకుతుందమ్మా" అని నేనే సర్ది చెప్పాను. పదికి పది వేసింది. పాపం మంచి పిల్ల, "సార్ మస్తు హుషారున్నడు" అని మెచ్చుకుంది కూడా.

ఒక్క మాట మాత్రం మనసులో గుచ్చుకుంటోంది. మధ్యాహ్నం నన్ను పిలిచి, "అవ్వ తిన్నదా?" అని అడిగాడు. మీ అమ్మ పోయి ఎన్నేళ్లయింది? తిన్నది అని చెప్పాను. ఇంకేం చెప్పను? జ్వరం వల్లే కదా వదినా? జ్వరం వల్లే అని రాయి.

భువన

సిద్దిపేట
మృగశిర, వాన లేదు

భువనకు,

పదికి పది అని చదివి ఇస్తారికి, బయట కూర్చున్న రైతులకు అందరికీ టీ చెప్పాను.

అవ్వ సంగతి జ్వరం వల్లే. వాడికి చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా గోడమీద బల్లితో మాట్లాడాడు. అంతా దిగిపోయింది. నువ్వు ధైర్యంగా ఉండు. జ్వరం తగ్గేదాకా ఎట్లయినా ఇట్లనే లాక్కొని రా.

ఇది రాసి కలం పక్కన పెట్టి మళ్లీ తీసుకున్నాను. అవ్వ తిన్నదా అని అడిగినప్పుడు వాడి ముఖం ఎట్లుంది? వాడు చిన్నప్పుడు బడి నుంచి రాగానే అదే మాట అడిగేవాడు. నాకు ఎందుకో బాగాలేదు. రాయి, తొందరగా రాయి.

స్వరాజ్యం

హైదరాబాద్

వదినా,

రాధాకిషన్ అన్న కింద నిలబడి ఉన్నాడు, తొందరగా రాస్తున్నాను.

జ్వరం తగ్గింది. మనిషి తగ్గాడు. పొద్దుటి నుంచి మాట తడుముకుంటున్నాడు. గ్లాసు చూపిస్తే గ్లాసు అనడానికి ఎంతో సేపు పట్టింది. నేను చెప్పిన జవాబు ఆయన తిరిగి చెప్పడం కూడా కష్టమవుతోంది. హైదరాబాద్ అంటే "హై, హై" అని ఆగిపోతున్నాడు. పొద్దున ఉజ్వల రాలేదు, కొత్త పిల్ల వచ్చింది. సగం జవాబులు నేనే చెప్పాను. ఆ పిల్ల కాగితంలోంచి తల ఎత్తకుండా రాసుకుని పోయింది. అది కూడా పదికి తొమ్మిది.

నేనెవరో చెప్పమని అడిగాను వదినా. నర్సు అడగలేదు, నేనే అడిగాను. నా మాస్కు వైపు చూస్తున్నాడు. జవాబు నేనే అందిస్తానని ఎదురుచూస్తున్నాడు. ఆయనకు నేనెవరో తెలియదు.

చెబితే తీసేస్తారు. చెప్పకపోతే ఏమవుతుందో నాకు తెలియదు. ఇంత దూరం వచ్చి నా నోటితో నేనే ఎలా పోగొట్టుకోను? సాయంత్రం ఉజ్వల వస్తుంది. ఏం చెయ్యాలో చెప్పు. నువ్వు చెబితే అదే చేస్తాను.

భువన

సిద్దిపేట

భువనా,

చెప్పు. అన్నీ చెప్పు. తీసేస్తే తీసేయనీ, వాడిని బతకనీ.

నీ ఉత్తరం గద్దె మీద కూర్చుని రెండుసార్లు చదివాను. సంహిత కాలేజీ నుంచి వచ్చి నా చేతిలోంచి కాగితం లాక్కుంది. దాచబోయాను. "ఎందుకు దాస్తున్నవ్ అత్తమ్మా? బీరువల ఉన్నయన్ని నేను ఎప్పుడో చదివిన" అంది. మొదటి నుంచీ దానికి అన్నీ తెలుసు. నేను ఎప్పుడు అడిగినా బాగున్న అత్తమ్మా అన్నది. మనం ఏం వినాలనుకున్నామో అదే చెప్పింది పిల్ల.

నీకు ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. ఎత్తడం లేదు. ఎందుకు ఎత్తడం లేదు? నేను పాత బస్టాండుకు పోతున్నాను. ఏ బస్సు దొరికితే అది ఎక్కుతాను. హైదరాబాద్ పోయేవాళ్ల చేతికి ఇస్తున్న ఈ కాగితం ఒకవేళ నాకంటే ముందు నీకు అందితే, నేను వచ్చేదాకా ఆగకు. నాకు డాక్టర్ల చదువు లేదు, నువ్వు నా మాట వినడమే తప్పు. ఇప్పుడొక్కసారి విను. చెప్పెయ్యి.

స్వరాజ్యం

హైదరాబాద్
ఆరుద్ర కార్తె మొదలైందని నువ్వు చెప్పావు

వదినా,

నువ్వు వచ్చి ఐసీయూ అద్దంలోంచి తమ్ముడిని చూసి, సీజన్‌లో దుకాణం మూసిపెట్టలేక తిరిగి పోయావు. ఇద్దరం క్యాంటీన్ దగ్గర ఎదురెదురుగా కూర్చుని చల్లారిపోయిన టీలు చూసుకున్నాం. ఎదురుగా చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తాను.

ఆ సాయంత్రం ఉజ్వల వచ్చింది. "సార్, ఇది ఏ ఊరు?" అంది. ఆయన నా వైపు చూశాడు. హైదరాబాద్ అన్న మాట నా నాలుక కొసన ఉంది. అనలేదు. నీ ఉత్తరం అప్పటికి నాకు అందలేదు, ఫోన్ బ్యాగులో మోగుతూనే ఉంది, సంహితకు ఏం చెప్పాలో తెలియక ఎత్తలేదు. నాకు ధైర్యం వచ్చి కాదు, ఇక ఓపిక లేక ఆగిపోయాను. ఉజ్వల పెన్ను చూపించింది. ఆయన మళ్లీ నన్ను చూశాడు. పళ్లతో పెదవి కొరుక్కుని నిలబడ్డాను. అప్పుడు ఆమె నన్నే చూపించి, "సార్, ఈమె ఎవరు?" అంది.

"తెల్వది" అన్నాడు. అని మళ్లీ నా కళ్లలోకే చూశాడు. నేనెవరో తెలియని మనిషి నన్నే సాయం అడుగుతున్నాడు వదినా. నా పెళ్లయిన నాటి నుంచి ఆయనకు నేను ఏ సాయమూ కాదనలేదు. ఆ ఒక్కటి కాదన్నాను.

ఉజ్వల నా వైపు తిరిగి, "ఎప్పటి నుంచి అక్కా?" అంది. అంతా కక్కేశాను. ఆ పిల్ల "గా పదికి పదులన్ని నా చేతితోటి నేనే రాసిన గదనే అక్కా" అని పరుగెత్తింది. డాక్టర్లు వచ్చేసరికే ఫిట్స్ మొదలయ్యాయి. మంచం కడ్డీలు కొట్టుకున్న చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది.

స్టెరాయిడ్ పెద్ద మోతాదులో ఇస్తున్నారు. శ్రీవర్ధన్ గారు కోప్పడి ఉంటే బాగుండేది. కూర్చోబెట్టి మెల్లగా చెప్పారు. "ఇది మాకు తెలిసిన ఇబ్బందే అమ్మా. గందుకే పూటపూటకు అడిగేది. మొదలైనప్పుడే చెప్తే చిన్న మోతాదుతోటి పోయేదేమో. ఇప్పుడు ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది. ఎక్కువ ఇస్తే మనం ఎక్కించిన కణాలు కూడా దెబ్బతినవచ్చు." మరి తీసేస్తారా సార్ అని అడిగాను. ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "కణాలు ఎక్కించినంక తీసేసుడు ఏముంటదమ్మా? అవి ఆయన ఒంట్లనే ఉన్నయ్ గద" అన్నారు.

ఇంత చిన్న మాట నాకు తట్టలేదు. నీకూ తట్టలేదు.

ఇంకో మాట కూడా అన్నారు. నేను ఏ పూట ఏ జవాబు అందించానో మొత్తం చెప్పమన్నారు. "మీ పదికి పది చూసి ఈ మోతాదుతోటి మెదడుకు ఏం కాదని మేం నమ్మేటోళ్లం. రేపు ఇంకొకరికి గదే మోతాదు ఇచ్చేటోళ్లం" అన్నారు. గుర్తున్నవన్నీ చెప్పాను. ఉజ్వల పక్కన కూర్చుని తను వేసిన మార్కులు ఒక్కొక్కటీ కొట్టేసింది. ఆమెకు ఏం శిక్ష పడుతుందో అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.

ఆయన ఇంకా కళ్లు తెరవలేదు.

భువన

సిద్దిపేట
ఆరుద్ర

భువనకు,

నీ ఉత్తరం సంహితే చదివి వినిపించింది. నా చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్క ముక్క వదలకుండా చదివింది. ఇక ఈ ఇంట్లో దాచేది ఏమీ లేదు.

నువ్వు చేశానని రాశావు. చేయమన్నది నేను. జ్వరం తగ్గేదాకా లాక్కురమ్మన్నదీ నేనే. అవ్వ తిన్నదా అని వాడు అడిగిన సంగతి చదివినప్పుడే నాకు అనుమానం వచ్చింది. అయినా టైఫాయిడ్ అనీ బల్లి అనీ కథ రాసి నీకు ధైర్యం చెప్పాను. ఎందుకంటే పదికి పది నాకు కావాలి. వాడు బాగుండటం కాదు, బాగున్నాడని ఎవరైనా రాసి ఇవ్వడం కావాలి. ఈ తప్పులో పెద్ద వాటా నాది. నువ్వు ఒక్కదానివే మోయకు, నేను ఊరుకోను.

వాన పడింది. రైతులు విత్తనాల కోసం వరుస కట్టారు. దామోదర్ సేటు ఏడి అని అడుగుతున్నారు. "వస్తడో రాడో తెల్వది" అని చెబుతున్నాను. ఆ మాట చెప్పిన ప్రతిసారీ ఏడుస్తున్నాను. ఏడ్చుకుంటూనే సంచులు ఇస్తున్నాను. వాళ్లు కూడా ఏమీ అనడం లేదు.

వాడు కళ్లు తెరిస్తే అర్ధరాత్రైనా సంహితకు ఫోన్ చెయ్యి.

స్వరాజ్యం

హైదరాబాద్, దవాఖాన పక్క కిరాయి గది
జూలై

వదినా,

ఫోన్‌లో సంహిత నీకు చెప్పే ఉంటుంది. మనిషి తేలాడు. మాట వచ్చింది, చెయ్యి నిలబడింది, నన్ను భువనా అని పిలిచాడు. దవాఖానకు దగ్గరలోనే ఉండాలన్నారని ఈ గదిలో ఉన్నాం. కానీ ఫోన్‌లో చెప్పనిది ఒకటి ఉంది.

ఆయనకు మొదటి రోజు పరీక్ష తప్ప ఆ తర్వాతి రోజులు అస్సలు గుర్తు లేవు. పైగా ఎవరు పలకరించినా, "నన్ను మస్తు ప్రశ్నలు అడిగిన్రు. అన్నిటికి కరెక్టు చెప్పిన, పదికి పది" అని గొప్పగా చెబుతున్నాడు. రాధాకిషన్ అన్నతో చెప్పాడు. ఆటోవాడితో కూడా చెప్పాడు. మొదట్లో ఊ కొట్టాను. ఎముకల్లోని మూలుగ పరీక్షకు పోయే రోజు పొద్దున ఇంక నాతో కాలేదు. అన్నం ముందు పెట్టి అంతా చెప్పాను. నేను అందించానని, ఫిట్స్ వచ్చాయని, పెద్ద మోతాదు ఇవ్వాల్సి వచ్చిందని, దానివల్ల కణాలు పోయి ఉండవచ్చని.

కంచం పక్కకు జరిపాడు. తిడతాడనుకున్నాను. "ఇంకో పూట గట్లనే చెప్పిస్తే?" అన్నాడు. "మీరు ఉండేటోళ్లు కాదు" అన్నాను. "గంత భయపడ్డవానే?" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఇద్దరం తినలేదు.

ఇవాళ ఫలితం వచ్చింది. సంహితకు వదలకుండా చదివి వినిపించమను. మూలుగలో జబ్బు చాలా తగ్గింది. కానీ పోలేదు. కొద్దిగా మిగిలింది. ఎక్కించిన కణాలు రక్తంలో ఉన్నాయి, చాలా కొంచెం. అవి మళ్లీ పెరుగుతాయా, ఆ మిగిలిన జబ్బే ముందు పెరుగుతుందా అన్నది ఇంకో నెల ఆగి చూడాలట. "స్టెరాయిడ్ వల్లనే ఇట్లయిందా సార్?" అని శ్రీవర్ధన్ గారిని అడిగాను. "కావచ్చు. అది లేకున్నా గిట్లనే అయ్యేదేమో. చెప్పలేనమ్మా" అన్నారు. ఆయన అబద్ధం చెప్పరు. అందుకే నేను బతికినంతకాలం ఇది తెలియకుండానే బతకాలి.

దవాఖానలో ఉజ్వల కనబడింది. ఇంకా ఉద్యోగంలోనే ఉంది, నాకు ఏడుపొచ్చింది. ఆమె మీ తమ్ముడి చెయ్యి పట్టుకుని, "సార్, ఎట్లున్నది ఇప్పుడు?" అంది. నాడి చూస్తూ ఊరికే పలకరింపుగానే అడిగింది. జబ్బు పడినప్పటి నుంచి ఈ మాట ఎవరు అడిగినా ఆయన జవాబు ఒకటే, "ఫస్ట్ క్లాస్" అని. నువ్వు అడిగినా అదే, సంహిత అడిగినా అదే.

అలవాటు కొద్దీ నా వైపు చూశాడు. నేను తల తిప్పుకోలేదు, ఏమీ అనలేదు. మాస్కు కూడా లేదు నాకు.

"భయమైతుంది బిడ్డా" అన్నాడు ఉజ్వలతో. "శానా భయమైతుంది. చావాలని లేదు నాకు."

ఆ మాట ఇన్నేళ్లలో మొదటిసారి విన్నాను. వెళ్లి పక్కన కూర్చున్నాను.

భువన